క్యోటోలో చూడవలసినవి, దర్శించవలసినవి

దర్శనం అన్న మాటకు చూడటమనే అర్థం. అయినా మన ఇళ్లలో ఆ రెండు మాటలనూ ఎవరూ ఒకటిగా వాడరు. చార్మినార్‌ను చూసి వస్తాం, తిరుమల శ్రీనివాసుని దర్శించుకుని వస్తాం. కట్టడాన్ని మన కంటితో కొలుస్తాం. దేవుని ఎదుట మాత్రం ఆయన చూపు మన మీద పడాలని చేతులు జోడించి నిలబడతాం. ఈ తేడాను చిన్నపిల్లలకు కూడా ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. అయితే ఊరు దాటి, దేశం దాటి వెళ్లేసరికి ఆ తేడా మన మనసులోనే చెరిగిపోతున్నది. పరదేశపు ఆలయమంటే ఫొటో తీసుకునే స్థలమన్న భావన స్థిరపడుతున్నది.

ఉద్యోగరీత్యా జపానులో ఉంటున్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులైనా, యాత్రాసంస్థల వెంట బయలుదేరే కుటుంబాలైనా తప్పక వెళ్లే నగరం క్యోటో. అక్కడ స్వర్ణమండపంగా పేరొందిన కింకకుజి, ఫుషిమి ఇనారి కొండమీది వేలాది ఎర్రని తోరణాలు, కియోమిజు ఆలయపు ఎత్తైన కొయ్య వేదిక - ఈ మూడింటినీ ఒక్క పగటిలో ముగించి రావడం పరిపాటి అయింది. ఆ మూడూ చూడదగినవే. కానీ భక్తిగల హిందూ కుటుంబం అంత దూరం వెళ్లి, తాను నిత్యం తలచుకునే దేవతలు కొలువైన మందిరాలను దాటుకుంటూ, వారు అక్కడ ఉన్నారన్న సంగతైనా తెలియకుండా తిరిగి రావడం విచారకరం.

క్రీ.శ. 794లో కమ్ము చక్రవర్తి తన రాజధానిని ఈ నగరానికి తరలించాడు. నాడు దీని పేరు హేయన్‌క్యో. మూడు దిక్కుల కొండలు, నడుమ కామో నది, చదరంగపు గళ్లవలె తిన్నని వీధులు. 1868లో టోక్యోకు ప్రాధాన్యం దక్కే దాకా వెయ్యేళ్లకు పైగా చక్రవర్తుల నివాసం ఇదే. నగరంలో సుమారు 1,600 బౌద్ధాలయాలు, 400 షింటో క్షేత్రాలు ఉన్నాయని చెబుతారు. క్యోటో, దాని పొరుగున ఉన్న ఉజి, ఒత్సు నగరాలలోని పదిహేడు ప్రాచీన నిర్మాణాలను యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కీర్తే నేడు ఆ నగరానికి భారమైంది. సందర్శకుల తాకిడిని భరించలేక గియోన్ ప్రాంతవాసులు తమ సొంత సందులలోకి పర్యాటకులు రాకూడదని 2024లో ఆంక్ష విధించారు. మీరినవారు పదివేల యెన్‌ల జరిమానా చెల్లించాలని బోర్డులు పెట్టారు. అతిథులను ఆదరించడంలో పేరుపొందిన నగరం తలుపు వేసుకోవలసి వచ్చిందంటే, చూడటమనే పని ఎంత మొరటుదేరిందో ఆలోచించవలసి ఉన్నది.

రైల్వేస్టేషనుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే తోజి ఆలయం ఉన్నది. దాని అయిదంతస్తుల గోపురం దాదాపు 55 మీటర్ల ఎత్తు. యాత్రికులలో అధికులు ఆ గోపురం ముందు ఫొటో దిగి వెనుదిరుగుతారు. అసలు దర్శనీయం ఆ పక్కనే కోదో అని పిలిచే ఉపదేశ మందిరంలో ఉన్నది. మసక వెలుతురులో మహావైరోచన బుద్ధుని చుట్టూ మొత్తం ఇరవై ఒక్క మూర్తులు మండలాకారంగా కొలువుదీరి ఉంటాయి. ఒక కొసన నాలుగు ముఖాలతో, నాలుగు చేతులతో, నాలుగు హంసలు మోసే పద్మం మీద కూర్చున్న మూర్తిని చూస్తే పేరు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన బ్రహ్మదేవుడు. అక్కడి పేరు బొంటెన్. రెండో కొసన ఏనుగు నెక్కి ఉన్నవాడు దేవేంద్రుడు. అక్కడి పేరు తైషకుటెన్. పేర్ల చివర వచ్చే 'టెన్' అన్న మాటకు దేవుడని అర్థం. 839లో ప్రతిష్ఠ జరిగిన ఈ మూర్తిసముదాయంలో చాలా మూర్తులు నాటివే. బ్రహ్మకు గుడులు అరుదన్నది మనకు తెలుసు. గుంటూరు జిల్లా చేబ్రోలులోని చతుర్ముఖ బ్రహ్మను మనం ఎంతో విశేషంగా చెప్పుకుంటాం. అటువంటి బ్రహ్మకు పన్నెండు శతాబ్దాలుగా తూర్పు సముద్రం అవతల నమస్కారాలు అందుతున్నాయి.

ఈ దేవతలను అక్కడికి తీసుకువెళ్లింది సైన్యాలు కావు, రాజాజ్ఞలూ కావు. బౌద్ధధర్మంతోపాటు మధ్య ఆసియా, చైనాల మీదుగా వారు ప్రయాణించారు. తోజి ఆలయాన్ని 823లో చక్రవర్తి చేతుల మీదుగా స్వీకరించిన కూకై అనే ఆచార్యుడు, అంతకుముందు 804లో ఓడనెక్కి చైనా వెళ్లాడు. అక్కడ భారతదేశం నుంచి వచ్చిన ప్రజ్ఞుడనే భిక్షువు వద్ద సంస్కృతం అభ్యసించాడు. 806లో స్వదేశానికి తిరిగివచ్చి షింగోన్ సంప్రదాయాన్ని స్థాపించాడు. షింగోన్ అంటే సత్యవాక్కు, అంటే మంత్రమని అర్థం. ఆ సంప్రదాయంలో నేటికీ అగ్నికుండంలో సమిధలు వేసి హోమం చేస్తారు. దానిని వారు 'గోమ' అంటారు. అది మన 'హోమ' శబ్దమే. శ్మశానాలలో సమాధుల వెనుక నిలబెట్టిన పొడవాటి కొయ్య పలకల మీద బీజాక్షరాలు కనిపిస్తాయి. అవి మన తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మి నుంచే పుట్టిన సిద్ధమాతృకా లిపిలోనివి. ఆ లిపి అభ్యాస ప్రభావంతోనే జపనీయులు తమ అక్షరాలను అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలుపెట్టి క, స, త, న వరుసగా అమర్చుకున్నారు. అక్షరాభ్యాసం నాడు పలక పట్టిన ప్రతివారికీ ఆ వరుసలోని చుట్టరికం అర్థమవుతుంది.

తెలుగువారు మరీ ముఖ్యంగా తెలుసుకోవలసిన పేరొకటి తోజిలో ఉన్నది. షింగోన్ ఆచార్య పరంపరకు చెందిన ఏడుగురి చిత్రపటాలను ఆ ఆలయం జాతీయ నిధిగా భద్రపరుస్తున్నది. కూకై చైనా నుంచి తెచ్చినవి అయిదు. 821లో జపానులోనే చిత్రించి చేర్చినవి రెండు. ఆ రెండింటిలో ఒకటి నాగార్జునునిది. కృష్ణాతీరాన నాగార్జునకొండతో మన స్మృతిలో పెనవేసుకున్న ఆచార్య నాగార్జునుడే ఆ మూర్తి అని వారి సంప్రదాయం నమ్ముతుంది. జపాను బౌద్ధంలో ఆయనకు ఎనిమిది శాఖల మూలపురుషుడన్న గౌరవమున్నది. నగరం నడుమ ఉన్న హిగషి హోంగాన్‌జి, నిషి హోంగాన్‌జి ఆలయాల శాఖకు మూలపురుషుడైన షిన్రన్ (1173-1263) కూడా తన ఏడుగురు గురువుల వరుసలో నాగార్జునుని మొదట నిలిపాడు. మన నేలతో ముడిపడిన మహనీయునికి ఆ నగరంలో నిత్యం వందనాలు అందుతున్న విషయం మన పాఠ్యపుస్తకాలు చదివిన పిల్లలలో ఎందరికి తెలుసు?

తోజిలో ప్రతి జనవరి 8 నుంచి 14 వరకు ఏడు రోజులపాటు లోకక్షేమం కోసం ఒక మహాక్రతువు జరుగుతుంది. పూర్వం రాజప్రాసాదంలో జరిగిన ఆ క్రతువులో పన్నెండుగురు దేవతల చిత్రపటాలను నెలకొల్పేవారు. పాత పటాలు అగ్నికి ఆహుతి కాగా 1127లో కొత్తగా చిత్రించినవి నేడు క్యోటో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఆ పన్నెండుగురు ఎవరు? ఇంద్రుడు, అగ్ని, యముడు, నిరృతి, వరుణుడు, వాయువు, కుబేరుడు, ఈశానుడు - మన అష్టదిక్పాలకులే. ఊర్ధ్వదిశకు బ్రహ్మ, అధోదిశకు భూదేవి, వారితోపాటు సూర్యచంద్రులు. అలంపురం స్వర్గబ్రహ్మాలయపు గోడల మీద ఏడవ శతాబ్ది శిల్పులు మలచిన దిక్పాలకులే అక్కడ పట్టువస్త్రం మీద వర్ణాలలో కనిపిస్తారు. ఇంటి శంకుస్థాపననాడు పురోహితుడు ఎనిమిది దిక్కులకూ అక్షతలు వేయిస్తుంటే యాంత్రికంగా వేసే మనం, ఆ పేర్లను ఎంత దూరాన ఎంత శ్రద్ధగా నిలుపుకున్నారో తెలిస్తే ఒక్క క్షణం ఆగి వేస్తాం.

తోజిని దర్శించవలసిన వేళ మరొకటున్నది. అక్కడి మియెయిదో మందిరంలో ప్రతి ఉదయం ఆరు గంటలకు కూకై మూర్తికి, ఆయన సజీవుడై ఎదుట కూర్చున్నట్లే భావించి ఆహారం, తేనీరు నివేదిస్తారు. ఆ తరువాత బుద్ధధాతువు గల పొట్లాన్ని భక్తుల శిరస్సుకు, అరచేతులకు తాకిస్తారు. వైష్ణవాలయంలో శఠారి కోసం తలవంచే అలవాటున్న మనకు ఆ స్పర్శలోని అర్థం ఒకరు వివరించనక్కరలేదు. ఆ వేళకు పర్యాటకుల బస్సులు రావు. వచ్చేది చుట్టుపక్కల వీధులలోని వృద్ధులు, పనికి పోయేముందు ఒక దండం పెట్టుకుని వెళ్లేవారు. నగరపు అసలు ముఖం చూడాలంటే ఆ గంట చాలు.

సంజూసంగెన్‌దో అనే దీర్ఘ మందిరం పేరు చాలామంది విన్నదే. 1164లో వెలసి, 1249లో దగ్ధమై, 1266లో మళ్లీ నిలిచిన ఆ మందిరం పొడవు దాదాపు 120 మీటర్లు. అందులో అవలోకితేశ్వరుని మూర్తులు వెయ్యిన్నొకటి. ఆ వరుసలను చూసి అబ్బురపడి సాగిపోయేవారు, వాటి ముందు నిలిచిన ఇరవై ఎనిమిది మంది పరివార దేవతలను నిదానంగా చూడరు. బ్రహ్మ, ఇంద్రుడు, కుబేరుడు అక్కడా ఉన్నారు. నారాయణ నామం ధరించిన ద్వారపాలకుడున్నాడు. నాగరాజులున్నారు. వేణువూదుతున్న గరుత్మంతుడున్నాడు. ఎముకలు తేలిన దేహంతో వసువనే ఋషి ఉన్నాడు. ఇంకొక సంగతి మనసుకు పట్టించుకోవాలి. ఆ వెయ్యిన్నొక్క మూర్తుల జీర్ణోద్ధరణను 1973లో ఆరంభించి, కొన్నింటి చొప్పున ఏటా చేస్తూ, 2017 డిసెంబరులో ముగించారు. నలభై అయిదేళ్లు! ఆరంభించినవారిలో ఎందరో ముగింపు చూసి ఉండరు. ప్రాచీన మూర్తులకు సున్నం పూసి, శాసనాలున్న బండలను గచ్చు కింద కప్పివేసి, దానినే పునరుద్ధరణ అనుకునే తొందరపాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఆ ఓర్పును అక్కడ చూసి నేర్చుకోవాలి.

అంతగా పేరులేని చోట్లలో మొదట చెప్పుకోవలసింది రొకుదో చిన్నోజి. గియోన్‌కు దక్షిణాన ఇరుకు వీధిలో ఉండే చిన్న ఆలయమిది. పూర్వం నగరపు శ్మశానభూమికి దారి ఇక్కడి నుంచే మొదలయ్యేది. అందుకే ఈ చోటిని ఆరు లోకాల కూడలి అంటారు. ఇక్కడ కొలువున్నవాడు ఎన్మ, అంటే మన యమధర్మరాజు. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఒనో నో తకమురా అనే పండితుడు పగలు రాజసభలో కొలువు చేసి, రాత్రివేళ ఈ ఆలయపు బావిలోంచి యమలోకానికి దిగి, అక్కడి తీర్పులలో సాయపడేవాడని స్థలపురాణం. చిత్రగుప్తుని కథలు వింటూ పెరిగిన మనకు ఈ గాథ కొత్తగా తోచదు. ఆగస్టు 7 నుంచి 10 వరకు నగరవాసులు ఇక్కడికి వచ్చి, గదిలో దాగి ఉన్న గంటను తాడు లాగి మోగిస్తారు. ఆ నాదం పాతాళం దాకా వినిపించి పితృదేవతలు ఇళ్లకు తరలివస్తారని విశ్వాసం. కోయమకి చెట్టు కొమ్మను కొని ఇంటికి తీసుకువెళతారు. పెద్దలు ఆ కొమ్మను ఆశ్రయించి వస్తారట. ఆగస్టు 16 రాత్రి అయిదు కొండల మీద మహాగ్నులు వెలిగించి వారిని తిరిగి సాగనంపుతారు. మహాలయ పక్షంలో తర్పణం విడిచేవారి హృదయానికీ, ఆ గంటతాడు లాగే వృద్ధురాలి హృదయానికీ మధ్య దూరమెంత?

నగరానికి తూర్పున యమషిన కొండ అంచున ఉన్న సోరిన్-ఇన్‌లో గజముఖుడైన కంగిటెన్ కొలువై ఉన్నాడు. వినాయకుడన్న పేరు కూడా ఆయనకు అక్కడ ఉన్నది. సాధారణంగా ఈ దేవుని మూర్తిని భక్తుల కంటికి చూపరు. తలుపులు మూసి ఉంచే ఆరాధిస్తారు. చూడకుండానే దర్శనమవుతుందని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం ఏముంటుంది? ఆయన నైవేద్యానికి కంగిదాన్ అనే భక్ష్యం ఉన్నది. పలుచని పిండి రేకులో తీపి పూర్ణం పెట్టి, ఏడు సుగంధ ద్రవ్యాలు చేర్చి, పైన తామర రేకుల వలె ఎనిమిది మడతలు వేసి, నువ్వుల నూనెలో వేయిస్తారు. 1617 నుంచి నడుస్తున్న కమేయ కియోనగ అనే మిఠాయి దుకాణం నేటికీ దానిని తయారుచేస్తున్నది. చవితినాడు పూర్ణపు కుడుములు చేసే మన వంటింటికి ఆ దుకాణం పరాయిది కాదు. కామో నదికి మరో నది కలిసే సంగమానికి చేరువలోని దెమాచి మ్యోవోన్‌దో అనే చిన్న మందిరంలో వీణవంటి బివా వాద్యంతో సరస్వతీదేవి కొలువున్నది. అక్కడి పేరు బెంజైటెన్. నదీదేవతగా వేదకాలంలో కీర్తి పొందిన తల్లికి నదీసంగమాన గుడి ఉండటం ఎంత సముచితం!

హిగషి హోంగాన్‌జిలో దేవతామూర్తులకు మించి మనసును కదిలించే వస్తువొకటి గాజు పెట్టెలో ఉన్నది. అది స్త్రీల శిరోజాలతో పేనిన మోకు. 1864లో ఆలయం దగ్ధమైంది. 1880లో పునర్నిర్మాణం ఆరంభమైనప్పుడు, మహావృక్షాల దూలాలను లాగడానికి గట్టి మోకులు దొరకలేదు. దేశం నలుమూలల నుంచి భక్తురాలు తమ కురులను కత్తిరించి సమర్పించారు. వాటిని జనుముతో కలిపి పేనగా యాభై మూడు మోకులయ్యాయి. 1895 నాటికి నిర్మాణం ముగిసింది. నేడు ప్రదర్శనలో ఉన్న మోకు పొడవు 69 మీటర్లు, బరువు 375 కిలోలు. ఏడుకొండలవానికి తలనీలాలు సమర్పించిన ప్రతి స్త్రీకీ ఆ మోకు ముందు నిలబడితే ఆ అజ్ఞాత భక్తురాండ్రు తోబుట్టువులుగానే తోస్తారు. ఆ ఆలయంలో ప్రవేశానికి రుసుము లేదు. అయినా పర్యాటకుల పట్టికలో దాని పేరు చివరన ఉంటుంది.

ఇన్ని పోలికలు చెప్పుకున్నాక ఒక హెచ్చరిక అవసరం. ఇవన్నీ మన దేవతలే, మనమే వారికి దానం చేశామన్న అహంకారంతో ఆ గడపలు తొక్కరాదు. బ్రహ్మేంద్రాదులు అక్కడ బుద్ధధర్మానికి రక్షకులుగా పూజలందుకుంటున్నారు. మన పురాణాలలోని స్థానం వారికి అక్కడ లేదు. ఆ దేశపు భక్తులు తమ సొంత నోములు, సొంత గాథలు చేర్చి ఆ దేవతలను తమవారిని చేసుకున్నారు. ఇచ్చినవారి ఘనత కంటే, పుచ్చుకున్నదానిని పన్నెండు వందల ఏళ్లు దీపం ఆరకుండా కాపాడినవారి ఘనత తక్కువది కాదు. అది సులువుగా సాగిన కాపుదలా కాదు. గియోన్ అన్న పేరు శ్రావస్తిలోని జేతవనానికి జపాను మాట. 869లో మహమ్మారి ప్రబలినప్పుడు మొదలైన గియోన్ ఉత్సవం, జేతవనపు రక్షకునిగా భావించిన గోజు టెన్నో అనే దేవునికి సంబంధించినది. 1868లో ప్రభుత్వం షింటో, బౌద్ధ ఆరాధనలను వేరుచేయాలని ఆదేశించింది. ఆ దేవుని పేరు తొలగిపోయింది, ఆలయానికి యసాకా అన్న పేరు వచ్చింది. ఎన్నో చోట్ల బౌద్ధమూర్తులు ధ్వంసమయ్యాయి. అయినా ప్రజల నోట గియోన్ అన్న పేరు చెరగలేదు, జూలైలో ఉత్సవం ఆగలేదు. శాసనం మార్చలేనిదాన్ని సామాన్యుల అలవాటు నిలబెట్టింది.

కనుక క్యోటో వెళ్లే కుటుంబాలకు ఒక మనవి. పగటికి పది చోట్లు తిరిగే ఆతురత మానండి. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చాలు. తెల్లవారుజామున బయలుదేరండి. పాదరక్షలు విడిచే చోట విడవండి, ఫొటోలు వద్దన్న చోట ఫోను సంచిలో పెట్టండి. అర్చన జరుగుతున్నప్పుడు మాట వినిపించరాదు. గర్భాలయం ముందు చేతులు జోడిస్తే వారికి అర్థమవుతుంది, ఆ ముద్ర ఇరువురిదీ. కొన్ని ఆలయాలలో కుంచెతో సూత్రం రాసి సమర్పించే ఏర్పాటు ఉంటుంది. రామకోటి రాసే అలవాటున్నవారు ఒక గంట అక్కడ కూర్చుంటే ఆ యాత్ర జీవితాంతం గుర్తుంటుంది.

ఇక తిరిగి వచ్చాక చేయవలసిన పని ఒకటున్నది. మన ఊరి శివారున ధూపదీపాలకు నోచుకోని గుడి ఏదైనా ఉంటే, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాలి. గోడల మీది దిక్పాలకుల పేర్లు చెప్పించాలి. వీలైతే వారానికొక పూట నూనె పోసి దీపం వెలిగించాలి. జీర్ణోద్ధరణకు పూనుకుంటే రంగుల డబ్బాతో మొదలుపెట్టక, తెలిసినవారిని పిలిచి అడిగి మరీ చేయాలి. హంసవాహనునికి తూర్పు సముద్రం అవతల ఈ ఉదయం కూడా దీపం వెలిగి ఉంటుంది. మన గడపలో ఉన్న దేవుని ముందు ఆ దీపం వెలిగిందో లేదో చూసుకోవలసింది మనమే.